కుట్లు మానిన తర్వాత

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో భీమవరంలో చేసిన ఉపన్యాస పాఠం)

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, చేయించుకుందామా వద్దా అని తేల్చుకోలేక ఉన్నవాళ్ళు కూడా ఈ సభకు వచ్చారని తెలిసింది. నా మాటలు ముందుగా వారికోసమే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఈ ఊళ్ళోనే పుట్టారు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ గురించీ, బోదకాలు మందు గురించీ, ఆరియోమైసిన్ గురించీ ఈ వేదిక మీద ఎందరో చెప్పి ఉంటారు. ఆయన జీవితంలో నాకు ఇవాళ కావలసిన ఘట్టం వేరే ఉంది. ఆయన సోదరుణ్ణి సంగ్రహణి బలి తీసుకుంది. ఇంగ్లీషు వైద్యంలో దాన్ని స్ప్రూ అంటారు. మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటికి పట్టదు. నాలుక పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, ఒళ్ళు శల్యమైపోతుంది. ఆ జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బయటపడ్డారు. ఆ తర్వాత బోస్టన్ చేరిన ఆ యువకుడు 1940లో లెడర్లే పరిశోధనశాలకు వెళ్ళాక, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేయగలిగింది. స్ప్రూ రోగుల రక్తాన్ని నిలబెట్టిన మందుల్లో అదొకటి. ఇంట్లో పోగొట్టుకున్న ప్రాణానికి ఆయన లోకమంతటి తరఫున జవాబు వెతికారని నాకు అనిపిస్తుంది.

తిన్నది ఒంటికి పట్టకపోవడం అప్పట్లో శాపం. ఇవాళ మంచి ఉద్దేశంతోనే, లెక్క చూసుకునే, ఆపరేషన్ థియేటర్‌లో దాన్ని కొంత మేరకు మనమే కల్పిస్తున్నాం. బరువు తగ్గడానికి అది పనికొస్తుంది. అయితే దానితోపాటు సంగ్రహణి, బెరిబెరి, రక్తహీనతల కాలం కూడా ఆ ఒక్క మనిషి కడుపులోకి తిరిగి రావచ్చు. నేను సర్జన్‌ను కాను, జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. కుట్లు మానిన తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూసి నేర్చుకున్నదే చెబుతాను.

ఆపరేషన్ అంటే ఏమిటి

మొదటి అపోహ పేరులోనే ఉంది. "కొవ్వు తీయించుకుంది" అంటారు. కొవ్వును గొట్టంతో లాగేసేది లైపోసక్షన్. అది ఆకారానికి సంబంధించింది, షుగరునూ బీపీనీ బాగుచేసే చికిత్స కాదు. బేరియాట్రిక్ ఆపరేషన్‌లో కొవ్వు జోలికే పోరు, జీర్ణాశయాన్నీ పేగునూ మారుస్తారు. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి, అరటికాయలాంటి సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం అక్కడితో పోతుంది. బైపాస్‌లో కోడిగుడ్డు కన్నా చిన్న సంచిని పైన మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యకు కలుపుతారు. మిగతా జీర్ణాశయం, పేగు మొదటి భాగం ఒంట్లోనే ఉంటాయి కానీ అన్నం ఆ దారిన పోదు. మన దగ్గర మినీ బైపాస్ అనేది కూడా చేస్తారు.

ఈ దారి ఎలా దొరికిందో చూడండి. 1954లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు చిన్నపేగును దాటవేసే పద్ధతిని ప్రకటించారు. తర్వాత బాగా వ్యాపించిన ఒక రకంలో, ఇరవై అడుగుల చిన్నపేగులో అడుగున్నర మాత్రమే అన్నం దారిలో ఉంచేవారు. బరువు తగ్గింది. కాలేయాలు చెడిపోయాయి, మూత్రపిండాల్లో రాళ్ళు పడ్డాయి, విరేచనాలు ఆగలేదు. 1980 వచ్చేసరికి వైద్యలోకం దాన్ని దాదాపుగా వదిలేసింది. ఈలోగా అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ ఒక సంగతి గమనించాడు. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీయించుకున్నవాళ్ళు మళ్ళీ బరువు పెరగలేకపోతున్నారు. దాన్నిబట్టి ఆయన, చికాషి ఇటో కలిసి 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. బరువు తగ్గినంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదని ఈ వృత్తి ఆనాడే, కొందరి ప్రాణాలు పోయాకే నేర్చుకుంది.

ఈ ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిననుకోవద్దు. అవసరమైనవాళ్ళకు ఇది ప్రాణం పోస్తుంది. 1987లో స్వీడన్‌లో మొదలైన పెద్ద అధ్యయనం దశాబ్దాల తరబడి ఇలాంటివాళ్ళను వెంబడించింది. అంతే బరువు ఉండి ఆపరేషన్ చేయించుకోనివాళ్ళ కన్నా చేయించుకున్నవాళ్ళు సగటున మూడేళ్ళు ఎక్కువ బతికారని 2020లో తేల్చింది. ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. సామాన్య జనాభాతో పోలిస్తే వాళ్ళ ఆయుర్దాయం ఇంకా అయిదున్నరేళ్ళు తక్కువే. మేలు నిజం, ఆ మేలుకు హద్దు ఉండటమూ నిజం. బల్ల మీద పోయే ప్రమాదం కూడా జనం భయపడేంత లేదు. 2009లో వెలువడిన అమెరికా అధ్యయనంలో తొలి నెల రోజుల్లో మరణించినవాళ్ళు వెయ్యికి ముగ్గురు. బంధువులు థియేటరు బయట కూర్చుని వణికిపోతారు. డిశ్చార్జి కాగానే ఊపిరి పీల్చుకుంటారు. జాగ్రత్త మొదలుకావలసింది అప్పుడే.

వారాలలో వచ్చేది

ఒంట్లో ఒక్కో పోషకం నిల్వ ఒక్కో రకంగా ఉంటుంది. ఇంట్లో పాలు పూటకు, కూరగాయలు వారానికి, బియ్యం ఏడాదికి ఉన్నట్టే. థయమిన్, అంటే బి1 విటమిన్, పాల లాంటిది. నిల్వ ముప్ఫై మిల్లీగ్రాములు మించదు. లోపలికి పోవడం ఆగిపోతే రెండు మూడు వారాల్లో ఖాళీ.

ముప్ఫై నాలుగేళ్ళ ఆవిడ, ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని పల్లె. ఇంకో ఊళ్ళో స్లీవ్ చేయించుకుంది. రెండు నెలల తర్వాత వాంతులు పట్టుకున్నాయి. ముద్ద మింగితే పైకి వచ్చేది, మంచినీళ్ళు కూడా. మూడు వారాలు అలాగే గడిచాయి. ఎందుకు ఆగారని అడిగితే వాళ్ళమ్మ అంది: "పొట్ట కుట్టించుకుంది కదా బాబూ, తినకపోతేనే మంచిదనుకున్నాం. బరువు బాగా దిగుతోందని సంతోషపడ్డాం." నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వరసగా మూడు గ్లూకోజు సీసాలు ఎక్కించారు. మర్నాటికి ఆమెకు ఎదుటివాళ్ళు ఇద్దరిద్దరుగా కనపడ్డారు. లేచి నిలబడితే తూలిపోయింది. కూతురి పేరు మరిచిపోయింది.

గ్లూకోజును ఒంట్లో మండించి శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. ఉన్న కాస్త థయమిన్‌ను ఆ గ్లూకోజు ఖర్చు చేసేస్తే, మెదడులో కళ్ళ కదలికనూ నడకనూ జ్ఞాపకాన్నీ చూసే చోట్లు దెబ్బతింటాయి. 1881లో కార్ల్ వెర్నికే వర్ణించిన జబ్బు ఇదే. గ్లూకోజు కన్నా ముందు థయమిన్ ఇంజక్షన్ ఇచ్చి ఉంటే సరిపోయేది. ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా ఉండే, అతి చవకైన మందు. మేం ఇచ్చిన నాలుగు రోజులకు ఆమె చూపు సర్దుకుంది. నడక నిలవడానికి నెలలు పట్టింది. జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాలేదు.

నాకు ఆర్‌ఎంపీ మీద కోపం రాలేదు. నీరసపడ్డ మనిషికి గ్లూకోజు ఎక్కించడం ఈ జిల్లాలో తరతరాల అలవాటు. నన్ను కలవరపెట్టింది ఆమె సంచిలోని డిశ్చార్జి కాగితం. ద్రవాహారం ఎన్నాళ్ళో రాసి ఉంది, ప్రోటీన్ పౌడరు పేరు రాసి ఉంది, రివ్యూ తేదీ రాసి ఉంది. వాంతులు ఆగకపోతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.

ఇది మన నేలకు కొత్త జబ్బూ కాదు. 1835లోనే మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు మద్రాసు నుంచి బెరిబెరి మీద పుస్తకం రాశాడు. ఉత్తర సర్కారు జిల్లాలు ఆ జబ్బుకు పేరుమోసిన ప్రాంతం. మర పట్టిన తెల్ల బియ్యంలో తవుడుతోపాటు థయమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం, దంపుడు బియ్యం తినేవాళ్ళకు ఆ బాధ తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టింది బెరిబెరి విచారణ విభాగంగానే. మన తాతల ఇళ్ళలోంచి ఆ జబ్బును వెళ్ళగొట్టడానికి ఎందరో జీవితాలు ధారపోశారు. అలాంటి గోదావరి డెల్టాలో, మూడు పూటలా అన్నం ఉన్న ఇంట్లో, ఆవిడ దాదాపు అదే జబ్బుతో పడిపోయింది.

కాబట్టి ఇంటివాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇది. ఆపరేషన్ తర్వాత వాంతులు బరువు దిగుతోందనడానికి శుభసూచన కావు. రెండు మూడు రోజులకు మించి వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సెలైన్ పెట్టే ముందు ఆపరేషన్ సంగతి చెప్పి, బి1 అడగాలి.

నెలలలో వచ్చేది

మూడో నెల నుంచి దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వస్తుంది. ఒళ్ళు ఒక్కసారిగా బరువు కోల్పోయినప్పుడు జుట్టు అలా రాలడం మామూలే. చాలామందికి ఏడాదిలోపే తిరిగి వస్తుంది. ఎంతకీ ఆగకుండా రాలుతుంటే ప్రోటీనో, ఇనుమో, జింకో తక్కువైందని అర్థం. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పడటం కూడా ఎక్కువ. అందుకే కొన్ని నెలలపాటు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. ఆ చీటీని పక్కన పడేయకండి.

ఇనుము సంగతి మాత్రం మన ఆడవాళ్ళ విషయంలో ఆగి మాట్లాడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువున్నవారు, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువగా ఉండదనుకోవడం మన ఇళ్ళలో పాతుకుపోయిన భ్రమ. రెండూ ఒకే శరీరంలో ఉంటాయి. తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి జీర్ణాశయంలోని ఆమ్లం కావాలి, ఆ పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. స్లీవ్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, బైపాస్ ఆ చోటునే దాటిస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఖాళీగా ఉన్న కుండకు చిల్లు పెట్టినట్టవుతుంది. అందుకే ముందే రక్తపరీక్ష చేసి, ఇనుము నింపి, ఆ తర్వాతే బల్ల ఎక్కించాలి. ఇనుము మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కాఫీ, టీలతో ఇనుము మాత్ర మింగితే సగం వృథా.

తిండిలో ప్రోటీన్ రోజుకు అరవై గ్రాములైనా ఉండాలంటారు. మన కంచంలో అన్నానిదే పెత్తనం. చిన్నదైపోయిన పొట్టలో ముందు అన్నం వేస్తే గుడ్డుకూ పప్పుకూ చేపకూ పెరుగుకూ చోటుండదు. అందుకే వరస మార్చాలి: ముందు గుడ్డో చేపో ముద్దపప్పో, తర్వాత కూర, చివర్లో రెండు ముద్దల అన్నం. పెళ్ళి భోజనంలో మొదట వడ్డించే బొబ్బట్టు బైపాస్ అయినవాళ్ళకు చేటు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఏడాది, రెండేళ్ళ తర్వాత ఇంకొకటి మొదలవుతుంది. తిన్న గంటకో మూడు గంటలకో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి, కళ్ళు తిరిగి పడిపోతారు. దాన్ని నీరసమనో మూర్ఛ అనో పొరపాటు పడుతుంటారు.

పిల్లలు పుట్టరనే భయం ఒకటి. జరిగేది దీనికి తలకిందులు. బరువు తగ్గాక నెలసరి క్రమపడి, ఏళ్ళ తరబడి గర్భం రానివాళ్ళకూ వస్తుంది. గర్భం రాకుండా నోటితో వేసుకునే మాత్రలు బైపాస్ తర్వాత సరిగా పట్టకపోవచ్చు కనుక అనుకోకుండా కూడా వస్తుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమని చెప్పేది తల్లి ఒంట్లో నిల్వలు కుదురుకోవడానికే. ఇక్కడే సుబ్బారావు గారి మందు మళ్ళీ మన చేతికి వస్తుంది. గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటిష్ పరిశోధన నిర్ధారించింది. గర్భిణికి షుగరు పరీక్ష అని గ్లూకోజు నీళ్ళు తాగించే ముందు బైపాస్ అయిందని డాక్టరమ్మకు చెప్పాలి. డంపింగ్ వస్తుంది కాబట్టి వేరే పద్ధతిలో పరీక్షిస్తారు.

ఏళ్ళలో వచ్చేది

బి12 గాదెలో ధాన్యం లాంటిది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే ప్రమాదం. మొదటి ఏడాది పరీక్షలో అంతా బాగుంటుంది. రెండో ఏడాది మాత్రలు మానేస్తారు. నాలుగో ఏడాది అరికాళ్ళు మొద్దుబారతాయి, చీకట్లో చెప్పు జారిపోయినా తెలియదు. బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయంలో పుట్టే ఒక సహాయక పదార్థం ఉండాలి, ఆపరేషన్ దాన్నే తగ్గిస్తుంది. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్ర మింగేవాళ్ళకు మరింత ముప్పు.

1940ల చివర వైద్యులు ఫోలిక్ యాసిడ్ నుంచే ఒక పాఠం నేర్చుకున్నారు. బి12 లోపించిన మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది, ముఖంలో కళ వస్తుంది. లోపల నరాలు చెడిపోవడం మాత్రం ఆగదు. సుబ్బారావు గారి బృందమే బి12 కోసమూ కాలేయ సారాన్ని శోధించింది, ఒక్క విటమిన్‌తో కథ ముగియదని వాళ్ళకు తెలుసు. ఇవాళ మెడికల్ షాపులో "ఏదో ఒక బలం బిళ్ళ ఇవ్వండి" అని తీసుకెళ్ళి, హిమోగ్లోబిన్ పన్నెండు ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళకు ఆ పాత పాఠమే చెబుతాను. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు. ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్బుమిన్ కూడా మొదటి ఏడాది మూడు సార్లు, తర్వాత ఏటా, బతికున్నంత కాలం చూడాలి. అవన్నీ బాగుండి కూడా నడక తూలుతుంటే రాగి లోపం ఉందేమో వెతకాలి.

ఎముక సంగతి దశాబ్దాలది. పేగు నుంచి కాల్షియం రాకపోతే ఒళ్ళు ఎముకలో దాచినది తీసుకుంటుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనపడుతుంది, ఎముక మాత్రం పలచబడుతుంది. నలభైలో ఆపరేషన్ అయిన స్త్రీ తుంటి అరవైలో విరగవచ్చు. ఆమ్లం తగ్గిన కడుపుకు కాల్షియం కార్బొనేట్ కన్నా సిట్రేట్ బాగా పడుతుంది.

ఇక ఏళ్ళు గడిచాక వచ్చే నొప్పి. మన వాడుకలో కడుపునొప్పి అన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్. బైపాస్ అయినవాళ్ళ విషయంలో ఆ మాట ప్రాణాంతకం కావచ్చు. పేగును కొత్తదారిలో కలిపినప్పుడు లోపల సందులు ఏర్పడతాయి. బరువు తగ్గి పేగు చుట్టూ ఉన్న కొవ్వు కరిగేకొద్దీ ఆ సందులు వెడల్పవుతాయి. ఒకరోజు పేగు అందులోకి దూరి మెలిపడుతుంది. నొప్పి వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. రక్తపరీక్ష, ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. గర్భిణి అయితే బిడ్డ కదలికలే అనుకుంటారు. ఆలస్యమైతే పేగు నల్లబడిపోతుంది. బైపాస్ అయిన మనిషి తీవ్రమైన కడుపునొప్పితో వస్తే, ఆపరేషన్ అయి పదేళ్ళయినా సరే, సీటీ స్కాన్ తీయాలి, సర్జన్ చూడాలి. అలాగే మోకాళ్ళ నొప్పులకు షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, బీడీ, చుట్ట, సిగరెట్లు కొత్త అతుకు దగ్గర పుండు చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు. స్లీవ్ అయినవాళ్ళకు ఎక్కువగా పట్టుకునేది గుండెల్లో మంట. ఫిన్లాండ్‌లో పదేళ్ళు వెంబడించి చూస్తే అన్నవాహిక ఒరుసుకుపోవడం స్లీవ్ అయినవాళ్ళలో 31 శాతానికి, బైపాస్ అయినవాళ్ళలో 7 శాతానికి కనిపించింది. మంట ఉన్నవాళ్ళు ఆపరేషన్ ముందే ఆ సంగతి చెప్పి, ఏది నప్పుతుందో అడగాలి.

"షుగరు పోయింది" అనే మాట

ఆపరేషన్ అయిన వారంలోనే, బరువు ఇంకా తగ్గకముందే, షుగరు దిగిపోవడం నేను చూశాను. కుటుంబమంతా దేవుడికి దండం పెట్టుకుంటుంది. స్వీడన్ అధ్యయనంలో షుగరు ఉన్నవాళ్ళలో రెండేళ్ళకు 72 శాతం మందికి అది కనపడకుండా పోయింది. పదేళ్ళకు చూస్తే అలా నిలిచింది 36 శాతం మందికే. తిరిగి వచ్చినవాళ్ళలోనూ కంటికి, మూత్రపిండానికి జరిగే నష్టం తగ్గింది కనుక ఆ ఏళ్ళు వృథా కాలేదు. వృథా అయ్యేది షుగరు పోయిందని పరీక్షలు మానేసినప్పుడు. అణగిన జబ్బును పోయిన జబ్బు అనుకున్నవాళ్ళకు అది తిరిగి వచ్చిన సంగతి కంటిచూపు మందగించాకే తెలుస్తుంది.

బరువు కూడా అంతే. సాధారణంగా ఏడాది, రెండేళ్ళలో అట్టడుగుకు చేరి, తర్వాత కొంత తిరిగి పెరుగుతుంది. స్వీడన్‌లో సగటున రెండేళ్ళకు 23 శాతం తగ్గిన బరువు, ఇరవై ఏళ్ళకు 18 శాతం తగ్గుదల దగ్గర నిలిచింది. ఆ అయిదు శాతం పెరగగానే "మళ్ళీ మొదలెట్టావా తిండి" అని ఇంట్లో అనే మాట పెద్ద గాయం చేస్తుంది. పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం తన హార్మోన్లన్నిటితో ప్రయత్నిస్తుంది. దానికి మనిషిని దోషిని చేస్తే ఆ మనిషి డాక్టరు దగ్గరికి రావడమే మానేస్తుంది. అప్పుడు బరువుతోపాటు బి12, ఎముక, షుగరు అన్నీ ఎవరి కంటా పడకుండా పోతాయి. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన, బరువు తగ్గించే కొత్త ఇంజక్షన్ల విషయంలోనూ ఇదే జరగవచ్చని నా భయం. మందు ఆపితే బరువు తిరిగి వస్తుంది, తిండి తగ్గితే పోషకాలూ తగ్గుతాయి.

మనసు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బైపాస్ అయిన వేలమందిని అంతే బరువున్న ఇతరులతో పోల్చి 2007లో ప్రకటించారు. మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి. షుగరు మరణాలు 92 శాతం తగ్గాయి. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి కారణాలతో మరణాలు మాత్రం 58 శాతం ఎక్కువగా ఉన్నాయి. ఈ చివరి అంకెను నేను ఎప్పుడు చదివినా కాసేపు ఆగిపోతాను.

సన్నబడితే అన్నీ బాగుపడతాయని ఎదురుచూసిన మనిషికి, సన్నబడ్డాక కూడా పాత కష్టాలు అలాగే ఉంటే ఏం మిగులుతుంది? బాధ కలిగినప్పుడు తిండే ఓదార్పుగా బతికినవాళ్ళకు ఆ ఓదార్పును కత్తితో కోసేశాం, దాని చోట ఇంకేమీ ఇవ్వలేదు. కొందరు మద్యం వైపు మళ్ళుతారు. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. ఇంకో అమెరికా అధ్యయనంలో మద్యం జబ్బు ఆపరేషన్ ముందు 7.6 శాతం మందికి ఉంటే, రెండో ఏడాదికి 9.6 శాతానికి పెరిగింది. వేలాడే చర్మాన్ని చూసుకుని అద్దం ముందు ఏడ్చే అమ్మాయికి "అంత డబ్బు పెట్టాం, ఇంకా ఏడుపేమిటి" అనకండి. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. అది కూడా ఈ చికిత్సలో భాగమే.

ఎవరి బాధ్యత

ఎవరికి ఈ ఆపరేషన్ అవసరమో చెప్పే కొలతలున్నాయి. పుణేకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్ గారు తన కొవ్వునూ లండన్ మిత్రుడు యుడ్కిన్ కొవ్వునూ కొలిపించి 2004లో ప్రకటించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్ళకు కొవ్వు తక్కువ బరువులోనే చేరుతుంది కనుక 2009లో మన వైద్యులు ఆపరేషన్‌కు బీఎంఐ హద్దును జబ్బులున్నవాళ్ళకు 32.5కు, లేనివాళ్ళకు 37.5కు తగ్గించారు. పెళ్ళిచూపులకు ముందు పది కిలోలు తగ్గాలని వచ్చే అమ్మాయికి ఇది చికిత్స కాదు. జీవితాంతం మాత్రలు, పరీక్షల బరువు ఆమె నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆపరేషన్‌కు ఒప్పుకున్న ఆసుపత్రి, పదేళ్ళ పరీక్షలకూ ఒప్పుకోవాలి. ఇచ్చే ప్యాకేజీలో కుట్లు విప్పే రోజు వరకే కాక తర్వాతి ఏళ్ళకూ చోటుండాలి. సెలవుల్లో విదేశాల నుంచి వచ్చి చేయించుకుని మూడు వారాల్లో విమానం ఎక్కేవాళ్ళు, అక్కడి డాక్టరుకు చూపించే కాగితం చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. ఫార్మసీ విద్యార్థులారా, రేపు మీ కౌంటరు ముందు నిలబడి నొప్పి బిళ్ళ అడిగే మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: "ఎప్పుడైనా పొట్ట ఆపరేషన్ అయిందా అండీ?" ఆ ఒక్క ప్రశ్న ఒక పుండును ఆపుతుంది. ఆర్‌ఎంపీలూ అదే ప్రశ్న అడిగితే ఒక మెదడు దక్కుతుంది.

సంగ్రహణికి సుబ్బారావు గారి కాలంలో మందు కనిపెట్టవలసి వచ్చింది. మనం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. థయమిన్ ఉంది, బి12 ఉంది, ఫోలిక్ యాసిడ్ ఆయనే ఇచ్చి వెళ్ళారు. మనిషిని గుర్తుపెట్టుకుని ఏటా పిలిచి చూడటమే మిగిలింది.

ఆ పల్లెటూరి ఆవిడ ఇప్పటికీ ప్రతి జనవరిలో నా దగ్గరికి వస్తుంది. సంగతులు నిలవవు కాబట్టి ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకుంటుంది. మొదటి పేజీలో కూతురు పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది: "మా అమ్మకు పొట్ట ఆపరేషన్ అయింది. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 ఇంజక్షన్ ఇవ్వండి. నొప్పి బిళ్ళలు వద్దు." ఆ పిల్లకు అప్పుడు పదకొండేళ్ళు. డిశ్చార్జి కాగితం మీద ఉండవలసిన మూడు వాక్యాలు ఆ పిల్ల రాసింది. ఈ సభకు వచ్చిన వైద్యులందరికీ నా మనవి ఒకటే. రేపు పొద్దున మీ డిశ్చార్జి కాగితం తీసి చూసుకోండి. ఆ మూడు వాక్యాలు అందులో లేకపోతే, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి.